టైమర్ ఆపడం మరిచిపోతే ఆ గంటలు ఎవరు తేల్చాలి: సాఫ్ట్‌వేరా, మనిషా?

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)
మాది గంటల లెక్కన బిల్లు వేసే చిన్న వెబ్ డిజైన్ ఆఫీసు. క్లయింట్లు ఎక్కువగా బెంగళూరు వాళ్లే. మొన్న శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు ఒకబ్బాయి పని గంటలు లెక్కపెట్టే టైమర్ ఆపకుండా ఊరికి వెళ్లిపోయాడు. సోమవారం తొమ్మిదిన్నరకు వచ్చి చూస్తే ఒక బ్యానర్ పనికి 63 గంటలు పడి ఉన్నాయి. దాంతో మా మేనేజర్, ఇకమీద ఐదు నిమిషాలు కీబోర్డు, మౌసు కదలకపోతే ఆ టైమ్ దానంతటదే పోయేలా సెట్టింగ్ పెడతానంటున్నారు. నేను గట్టిగా వద్దంటున్నాను. సాఫ్ట్‌వేర్ మనల్ని అడగాలి గానీ, చెప్పాపెట్టకుండా కోసేయకూడదు. మీరేమంటారు?

బురుజు_దగ్గర (కర్నూలు)
మీ మేనేజర్ చెప్పిందే కరెక్టు అన్నా. నేనూ టీమ్‌ను చూసుకుంటున్నవాణ్ణే. అడిగితే జరిగేది ఒకటే: 'ఉంచు' నొక్కేసి పనిలో పడతారు. శనివారం టైమ్‌షీట్లు ముందేసుకుని ఒక్కొక్కరినీ పిలిచి ఈ రెండు గంటలు ఏం చేశావని అడగడం ఎంత నరకమో కూర్చున్నవాడికే తెలుస్తుంది. క్లయింటు మన మాట నమ్మి డబ్బు కడుతున్నాడు. అనుమానమున్న టైమ్‌ను తీసేయడమే న్యాయం.

సప్తగిరి_సర్కిల్
అన్నా, క్లయింటుకు అన్యాయం జరగకూడదన్న మాట నాకూ ముఖ్యమే. కానీ ఆ సెట్టింగ్ దేన్ని కొలుస్తోందో చూడండి. చివరిసారి కీ నొక్కి, మౌసు కదిపి ఎంతసేపయిందన్నదే దానికి తెలుసు. క్లయింటు పంపిన పీడీఎఫ్ మొత్తం చదివినా, అతనితోనే ఫోన్‌లో అరగంట మాట్లాడినా, కాగితం మీద పేజీ లేఅవుట్ గీసుకున్నా దాని లెక్కలో మనం ఖాళీగా కూర్చున్నట్టే. మా డిజైనర్ ముందు పెన్సిల్‌తో గీసుకుని తర్వాతే స్క్రీన్ ముట్టుకుంటుంది. కోత పెడితే ఆమె చేసే మంచి పనంతా ఎగిరిపోతుంది. ఊరికే మౌసు కదుపుతూ కూర్చునేవాడి గంటలు మాత్రం భద్రంగా ఉంటాయి.

ఏడురోడ్ల_కూడలి (కడప)
మీ ఇద్దరూ రెండు వేర్వేరు సమస్యల్ని కలిపేస్తున్నారనిపిస్తోంది. మనిషి సీట్లోంచి లేచి వెళ్లడం ఒకటి, టైమర్ ఆగకుండా ఉండిపోవడం ఇంకొకటి. చాలా టైమర్లు నిమిషాలను ఒక్కొక్కటిగా లెక్కబెట్టవు. మొదలైన టైమ్ ఒక్కటే సర్వర్లో రాసిపెట్టుకుని, ఇప్పటి టైమ్‌లోంచి దాన్ని తీసేసి చూపిస్తాయి. మా దగ్గర మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయి డెస్క్‌టాప్ ఆగిపోయిందనుకోండి. సర్వర్లో టైమర్ తెరిచే ఉంటుంది. ఐదింటికి కరెంటు వచ్చి సిస్టమ్ ఆన్ చేస్తే ఆ రెండు గంటలూ పని కింద పడతాయి. ఆగిపోయిన సిస్టమ్‌లో మౌసు కదిలిందా లేదా అని చూసే ప్రోగ్రామే నడవదు కదా! అలాంటప్పుడు ఐదు నిమిషాల సెట్టింగ్ ఏం కాపాడుతుంది? ఆ 63 గంటల్లో కూడా ల్యాప్‌టాప్ చాలాభాగం మూసే ఉండుంటుంది.

పెన్నా_ఒడ్డు (అనంతపురం జిల్లా)
అక్కా, బాగా చెప్పారు. నేను ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్లో, పని టైమ్ కూడా లెక్కపెట్టే ఆర్గ్ మోడ్ వాడతాను. ఆపకుండా వదిలేసిన క్లాక్ (అందులో టైమర్‌ను అలా అంటారు) ఏదైనా ఉంటే, తర్వాత కొత్త పని మొదలుపెట్టేటప్పుడు దాన్ని ముందుకు తెచ్చి అడుగుతుంది: ఇన్ని నిమిషాలు ఉంచాలా, మొత్తం తీసేయాలా, లేక ఇన్ని నిమిషాల కిందటే తిరిగొచ్చారా? ఈ మూడోది నాకు భలే నచ్చింది. ఎందుకంటే మనం వచ్చి కూర్చున్న క్షణానికీ కీ నొక్కిన క్షణానికీ మధ్య చదువుతూనో ఆలోచిస్తూనో ఉంటాం. టాగుల్ అనే టైమర్ సాఫ్ట్‌వేర్ డెస్క్‌టాప్ యాప్ కూడా తిరిగొచ్చాక ఉంచాలా, తీసేయాలా అని అడుగుతుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. లినక్స్‌లో ఎక్స్11ఐడిల్ లాంటి, సిస్టమ్ మొత్తంలో కదలిక చూసే చిన్న ప్రోగ్రామ్ వేసుకోకపోతే కొన్ని సిస్టమ్‌లలో ఆర్గ్ మోడ్ ఈమాక్స్‌లో కీ నొక్కామా లేదా అన్నదే చూస్తుంది. అప్పుడు బ్రౌజర్లో గంటసేపు పని చేసినా ఖాళీ అనే అంటుంది.

బురుజు_దగ్గర
ఇవన్నీ ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేసేవాళ్లకు తమ్ముడూ. పదిమంది టీమ్‌లో అందరూ నీలా ఉండరు. అడిగే బాక్సు రోజుకు పదిసార్లు వస్తే చదవకుండానే కొట్టేస్తారు.

సప్తగిరి_సర్కిల్
ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే బాక్సును సరిగ్గా తయారు చేయాలంటున్నాను. ఏదో టైప్ చేస్తుండగా అది హఠాత్తుగా పైకొస్తుంది, మనం కొట్టిన ఎంటర్ వెళ్లి 'ఉంచు' మీద పడుతుంది, బాక్సు మాయమవుతుంది. ఏం ఒప్పుకున్నామో మనకే తెలియదు. కాబట్టి ముందే ఏ బటనూ ఎంపికై ఉండకూడదు. 'ఉంచు' అంటే 'క్లయింటుతో ఫోన్' అనో 'డాక్యుమెంట్ చదివాను' అనో రెండు ముక్కలు రాయించాలి. అబద్ధం రాయడానికి చాలామందికి చేయి రాదు. ఐదు నిమిషాలు కూడా మరీ తక్కువ, పదిహేను పెట్టండి. ఇక పనివేళలు దాటి నడిచిన టైమర్‌ను కోయనూ వద్దు, కలపనూ వద్దు. 'తేల్చాల్సినవి' అని పక్కన పెట్టి, ఆ మనిషి వచ్చి సరిచేసేదాకా బిల్లులోకి రానివ్వకూడదు.

ఏడురోడ్ల_కూడలి
నేను అకౌంట్స్ చూస్తాను, నాకిది నచ్చింది. సరిచేసినప్పుడు పాత లెక్క, కొత్త లెక్క రెండూ కనపడాలి. చెరిపేస్తే రేపు క్లయింటు అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

బురుజు_దగ్గర
రెండు ముక్కలు రాయించడం మా దగ్గర పెట్టి చూస్తాను. కానీ ఆ 'తేల్చాల్సినవి' సంగతి నాకింకా మింగుడు పడలేదు. మనిషి సెలవులో ఉంటే బిల్లు ఆపాలా? ఆపకుండా పంపేసి, ఆ గంటలు వచ్చే నెల బిల్లులో కలిపితే క్లయింటు ఊరుకుంటాడా? నెల దాటిన గంటలు ఒప్పుకోబోమని మా క్లయింటు ఒకరు అగ్రిమెంట్లోనే రాయించుకున్నారు. ఇలాంటి షరతు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా నడుపుతున్నారో చెప్పండి.