డీ బారీకి "పితామహుడు" బిరుదు ఎక్కువేనా?

పొలంగట్టు:
మొక్కల తెగుళ్ల శాస్త్రానికి పితామహుడు జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డీ బారీ (1831–1888) అని అగ్రికల్చర్ బీఎస్సీలో బట్టీ పట్టించారు. కానీ గోధుమ కాటుక తెగులుకు శిలీంధ్రమే కారణమని ఫ్రాన్స్‌లో ప్రెవో అనే పరిశోధకుడు 1807లోనే చూపించాడు. 1845 నుంచి ఐర్లండ్‌లో బంగాళాదుంప కుళ్లి కరువొస్తే, తప్పు బూజుదే అన్నది బర్క్‌లీ అనే ఇంగ్లిష్ మతగురువు. వీళ్లను వదిలేసి ఈయనకే ఎందుకు?

సూక్ష్మదర్శిని:
చెప్పడం వేరు, నిరూపించడం వేరండీ. చలికి, వానకు మొక్క ముందు కుళ్లుతుంది, ఆ కుళ్లులోంచే బూజు పుడుతుంది అని అప్పట్లో చాలామంది పండితులే నమ్మేవారు. డీ బారీ 1861లో ఆ బూజు సిద్ధబీజాలను మంచి ఆకుల మీద వేశాడు. తడి తగలగానే వాటిలోంచి ఈదే కణాలు బయటికొచ్చి, మొలకెత్తి, ఆకులోకి దూరడం మైక్రోస్కోపులో చూశాడు. అదే చలిలో, అదే తేమలో సిద్ధబీజాలు పడని మొక్కలు నిక్షేపంగా ఉన్నాయి. ఇక వానదే తప్పంతా అనడం ఎలా?

పొలంగట్టు:
మరి గోధుమ తుప్పు తెగులు? బార్బెర్రీ పొదల పక్క చేలకు తుప్పు ఎక్కువని యూరప్ రైతులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. 1865లో ఈయన చెబితే గానీ అది శాస్త్రం కాలేదు!

సూక్ష్మదర్శిని:
రైతుల అనుమానం నిజమే, ఒప్పుకుంటా. కానీ పొద మీద ఒక పేరుతో, గోధుమ మీద ఇంకో పేరుతో పిలుస్తున్నవి ఒకే శిలీంధ్రపు రెండు రూపాలని గట్టు మీద నిలబడి చూస్తే తెలియదు కదా.

కొబ్బరితోట:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. ఆ బంగాళాదుంప తెగులు జీవికి 1876లో ఆయన పెట్టిన పేరు ఫైటోఫ్తోరా. మా గోదావరి జిల్లాల కొబ్బరిలో మొవ్వు కుళ్లు తెగులు తెచ్చేదీ ఆ ప్రజాతిదే. తమాషా ఏంటంటే, ఇప్పటి వర్గీకరణలో అది అసలు శిలీంధ్రమే కాదు, ఊమైసీట్ అనే, శిలీంధ్రంలా కనిపించే వేరే వర్గపు జీవి. బిరుదులో ఓ ముక్క కోసేద్దామా?

సూక్ష్మదర్శిని:
ఏ గూట్లో పెట్టినా తెగులు తెచ్చేది అదే కదండీ.

పొలంగట్టు:
బర్క్‌లీ విషయంలో తగ్గాను. ప్రెవో దగ్గర మాత్రం తగ్గను. ఆయన సిద్ధబీజాలు మొలకెత్తడం చూశాడు, రాగి ద్రావణం తగిలిన విత్తనానికి తెగులు తగ్గుతుందనీ కనిపెట్టాడు. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే తెగుళ్ల మందు బోర్డో మిశ్రమం రావడానికి 70 ఏళ్లకు పైగా ముందు! ఇది నిరూపణ కాదా?

పాత సీనియర్:
జూనియర్లూ, పరీక్షలో మాత్రం డీ బారీ అనే రాయండి. ప్రెవో అని రాసి నేనో మార్కు పోగొట్టుకున్నా.