అప్‌డేట్: టెనార్ హార్న్‌కి సోలోలు దొరికాయి

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో మా బ్రాస్ బ్యాండ్‌లో (ఇత్తడి ఊదుడు వాద్యాల బృందం) టెనార్ హార్న్ వాయిస్తున్నానని, అందులోనే ఉండే కార్నెట్, యూఫోనియం వాద్యాల వాళ్లకి బోలెడు సోలోలుంటే మాకేం ఉన్నాయని మార్చిలో అడిగాను కదా. మొన్న శనివారం కచేరీ అయిపోయింది, అందుకే ఈ కబురు.

ముందు ఒక పొరపాటు చేశాను. వేళ్లు నొక్కే పద్ధతి ఒకటే కదా అని కార్నెట్ సోలో పుస్తకం కొన్నాను. పియానో ఆవిడతో మొదలుపెట్టగానే ఇద్దరం వేర్వేరు శ్రుతుల్లో! మన వాద్యం శ్రుతి ఈ-ఫ్లాట్ (E♭), కార్నెట్‌ది బీ-ఫ్లాట్ (B♭). కాగితం మీద అదే స్వరం మన దగ్గర ఒక ఫిఫ్త్ (స నుంచి ప అంత దూరం) కిందకి పలుకుతుంది. డబ్బులు దండగ.

మీలో ఒకరు చెప్పిన ఉపాయమే పనికొచ్చింది. మోట్సార్ట్ ఫ్రెంచ్ హార్న్ కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో వాయించే సోలో రచన), జాబితా నంబరు కె.447, మూల పార్ట్ ఈ-ఫ్లాట్ హార్న్‌కే రాసింది, కాబట్టి మార్చకుండా నేరుగా చదివేయొచ్చు. రెండో భాగం, రొమాన్స్, మన గొంతుకి అచ్చంగా సరిపోయింది. ఆల్టో సాక్సోఫోన్ కూడా ఈ-ఫ్లాట్ వాద్యమే, దాని పుస్తకాలు కూడా ఇదే లెక్కన పనిచేస్తాయి.

అసలు టెనార్ హార్న్ కోసమే రాసినవాటిలో హ్యూ నాష్ ‘డెమెల్జా’ కచేరీలో వాయించాను. నెమ్మదైన పాట, కానీ ఊపిరి దాచుకోకపోతే వాక్యం మధ్యలో దొరికిపోతాం. నేను దొరికిపోయాను, ఒకసారి. ఎరిక్ బాల్ ‘సెప్టెంబర్ ఫాంటసీ’ ఇంకా సాధనలోనే ఉంది. చాలా టెన్షన్ పెడుతోంది, క్రిస్మస్ క్యారల్స్ హడావుడి అయ్యాక చూస్తాను.