పని ముగిసిన రాత్రి మిత్రులతో భోజనం: హైటెక్ సిటీ నుంచి ఎటు వెళ్లవచ్చు?

ప్రశ్న:
మేము నలుగురం మిత్రులం హైటెక్ సిటీలో వేర్వేరు కార్యాలయాల్లో పనిచేస్తున్నాం. శుక్రవారం రాత్రి పని ముగిశాక, వాహనం నడిపే శ్రమ ఎవరికీ లేకుండా, తీరికగా కూర్చుని బిర్యానీ తింటూ మాట్లాడుకోవాలని ఉంది. మాలో ఒకరు శాకాహారి. ఎక్కడికి వెళ్లమంటారు?

మొదటి జవాబు:
మెట్రో నీలి మార్గంలో రైలు మారకుండానే ప్యారడైజ్ స్టేషన్‌కు చేరవచ్చు. అదే పేరుతో 1953లో మొదలైన హోటల్ అక్కడికి దగ్గరలోనే ఉంది. రోజంతా తెరకు అతుక్కుపోయిన కళ్లకు ఆ రైలు ప్రయాణమే సగం విశ్రాంతి. మీ శాకాహార మిత్రునికి కూరగాయల బిర్యానీతో పాటు మిర్చీ కా సాలన్ (మిరపకాయల కూర), చివర్లో ఖుబానీ కా మీఠా (ఎండు ఆప్రికాట్ల తీపి వంటకం) చెప్పండి.

రెండవ జవాబు:
కచ్చీ బిర్యానీలో మసాలా పట్టించిన పచ్చి మాంసంపై సగం ఉడికిన బియ్యం పరిచి, గిన్నె అంచుకు పిండి అద్ది, ఆవిరి బయటకు పోకుండా దమ్ మీద ఉడికిస్తారు. మసాలా అంతా అడుగునే ఉంటుంది కనుక, పళ్లెంలోకి అడుగు నుంచి వడ్డించుకోవాలి. నలుగురికీ తలా ఒకటి ఒకేసారి చెప్పకండి, మిగిలిపోతుంది.

మూడవ జవాబు:
బిల్లు సమానంగా పంచుకుంటే శాకాహారికి అన్యాయం జరుగుతుంది, ముందే మాట్లాడుకోండి. హోటల్ బిల్లులో కలిపే సేవా రుసుము (సర్వీస్ చార్జ్) కట్టడం మీ ఇష్టమేనని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే స్పష్టం చేసింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ శుక్రవారమే వెళ్తున్నాం. ఫోన్లు సంచుల్లోనే ఉంచాలని కూడా అనుకున్నాం.