ప్రేయర్‌లో ప్రతిజ్ఞ చెప్పని పిల్లగాణ్ని ఎండల నిలబెట్టుడు సరైందేనా?

హన్మకొండ అమ్మ
మా బిడ్డ ఆరో తరగతి. తన క్లాసుల ఒక పిల్లగాడు ప్రేయర్‌లో అందరితోటి బుద్ధిగా నిలబడతడు, కానీ చెయ్యి చాపడు, ప్రతిజ్ఞ చెప్పడు. ప్రమాణం చేసుడు వాళ్లింటి నమ్మకానికి విరుద్ధమట. మొన్న సోమవారం పీఈటీ సారు వాణ్ని ముందుకు పిలిచి, అందరూ క్లాసులకు పోయినంక కూడా ఎండల నిలబెట్టిండు. ప్రతిజ్ఞంటే నాకు ఇష్టమే, ఇప్పటికీ నోటికొస్తది. అయినా పానం చివుక్కుమన్నది. మీరేమంటరు?

జమ్మికుంట అన్న
అక్కా, ఎండల నిలబెట్టుడు తప్పే. కానీ ప్రతిజ్ఞ మాత్రం అందరూ చెప్పాల్సిందే. బడన్నంక ఒక పద్ధతుండాలె. ఇయ్యాల ఒకనికి మినహాయింపిస్తే రేపు పది మంది మాకూ కావాలంటరు. మా ఊర్ల 2017 ఆగస్టు 15 నుంచి పొద్దుగాల మైకుల జనగణమన వస్తే కూరగాయలమ్మెటోళ్లు, ఆటోలోళ్లు ఎక్కడోళ్లక్కడ ఆగుతరు. చూస్తె కండ్లల్ల నీళ్లొస్తయి. ఆ అలవాటు బడిల కాకపోతే ఎక్కడ నేర్పుతం?

పరకాల సోషల్ పంతులు
తమ్ముడూ, జమ్మికుంటలో ఆగేవాళ్లు ఇష్టంతో ఆగుతున్నారు. అందుకే నీకు కళ్లు చెమరుస్తున్నాయి.

ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది నల్లగొండ జిల్లా అన్నెపర్తి. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు విశాఖలో ట్రెజరీ అధికారిగా ఉంటూ రాశారు. మరుసటి ఏడు అక్కడి బడిలో పిల్లలతో చెప్పించారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా మొదలైంది. యుద్ధం రోజుల్లో రాసినా అందులో శత్రువు ఊసే లేదు. భారతీయులందరూ సహోదరులన్నారు, ప్రతివారితోనూ మర్యాదగా నడుచుకుంటానన్నారు. ఆ మాటలు చెప్పించడానికే ఒక పిల్లవాణ్ని నలుగురిలో చిన్నబుచ్చితే, చూస్తున్న మిగతా పిల్లలు ఏ పాఠం నేర్చుకుంటారు?

ఇంకొకటి. 1938లో వందేమాతరం పాడినందుకే నిజాం సర్కారు విద్యార్థులను చదువుల నుంచి వెళ్లగొట్టింది. పి.వి. నరసింహారావు గారు హన్మకొండ విడిచి నాగపూర్ వెళ్లి చదువుకున్నది అందుకే. పాడొద్దని బెదిరించినా ఆ పిల్లలు ఆగలేదు. అట్లాంటి నేల మీద చెప్పి తీరాలని బెదిరించడం నాకు మింగుడు పడదు.

కోర్టు చౌరస్తా లాయరు
చట్టం సంగతి చెప్తా. 1985లో కేరళలో జనగణమన పాడలేదని ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. వాళ్ల మతవిశ్వాసం అందుకు ఒప్పుకోదు. పాడకపోయినా గౌరవంగా లేచి నిలబడేవారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకొమ్మన్నది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు మన తెలుగాయనే. అది జాతీయగీతం కేసు, ప్రతిజ్ఞది కాదు. కానీ 1971 నాటి జాతీయ గౌరవ చట్టంలో గీతం ప్రస్తావన ఉంది, ప్రతిజ్ఞది లేదు. గీతానికే బలవంతం కుదరనప్పుడు ప్రతిజ్ఞకు ఎట్లా కుదురుతది? ఇక శిక్ష విషయానికొస్తే, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. అమ్మా, హెడ్‌మాస్టర్‌ను కలవండి. ఆ పిల్లవాడి తల్లిదండ్రులకు ముందుగా చెప్పి పోండి.

జమ్మికుంట అన్న
లాయర్ సాబ్, తీర్పుకు ఎదురు చెప్ప. కానీ వాడు లైన్ల నిలబడాలె, పక్కోణ్ని చెడగొట్టొద్దు. అంతవరకన్న అడగొచ్చు గద?

పరకాల సోషల్ పంతులు
తప్పకుండా అడగొచ్చు తమ్ముడూ. మొదటి పోస్టు మళ్లీ చదువు, వాడు చేస్తున్నది అదే. నా మటుకు నేను ప్రతిజ్ఞ ఉండాలనే అంటా. కాకపోతే రోజూ అరిపించే బదులు, వారానికి ఒక్కసారైనా ఒక్కో వాక్యం తీసుకొని క్లాసులో మాట్లాడించాలి.

హన్మకొండ అమ్మ
వాళ్లమ్మతోని మాట్లాడిన. రేపు ఇద్దరం కలిసి హెడ్‌మాస్టర్ దగ్గరికి పోతున్నం. సెక్షన్ నంబరు కాగితం మీద రాసుకున్న సార్.