కొత్త ఇంటికి చేతిపని చెక్క సామాను: టేకా, వేపా, పాత దూలాలా?

నల్లగొండ_సరిత:
నల్లగొండలో మా ఇల్లు పూర్తికావచ్చింది, శ్రావణంలో గృహప్రవేశం. ఆరుగురు కూర్చునే భోజనాల బల్ల, రెండు బెంచీలు, మా అత్తమ్మకు ఒక మంచం కావాలి. దుకాణాల్లో చూసినవన్నీ పైన నిగనిగ, లోపల పొట్టు అతికించిన అట్ట. ఉలి గాట్లు కనిపించినా సరే, చేత్తో చేసిన గట్టి చెక్కే కావాలని నా పట్టుదల. వడ్రంగి టేకుతోనైనా వేపతోనైనా చేస్తానంటున్నారు. రెండింటి ధరలకూ చాలా తేడా ఉంది. చేయించుకున్నవాళ్ళు దయచేసి చెప్పండి.

కొల్లాపూర్_అరుణ:
సరితగారూ, కొత్త చెక్క కొనేముందు మీ పాత ఇళ్ళలో ఒకసారి వెతకండి. మా అమ్మమ్మవాళ్ళ ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగింది. 1981లో ఊరు వదిలేటప్పుడు మా తాత దర్వాజాలు, దూలాలు ఊడదీసి బండ్లమీద కొల్లాపూర్ తెచ్చాడు. ఇల్లు కట్టగా మిగిలిన రెండు దూలాలు పశువుల కొట్టంలో పడి ఉండేవి. మూడేళ్ళ క్రితం వాటిని కోయించాను. పైనంతా మసి, సున్నం. రంపం దిగాక లోపల తేనెరంగు చెక్క, నూనె పట్టిన తోలులాంటి టేకు వాసన. ఏడడుగుల బల్ల వచ్చింది. ఒక అంచున, ఒకప్పుడు వాసం కూర్చున్న గంటు అలాగే ఉంది. వడ్రంగి ముక్క వేసి పూడుస్తానంటే వద్దన్నాను. మా అమ్మ అన్నం తింటూ ఆ గంటులో బొటనవేలు పెట్టుకుని కూర్చుంటుంది.

ఒక జాగ్రత్త: పాత దూలంలో మేకులు విరిగి ఉంటాయి. సామిల్లు రంపం పాడవుతుందని కొందరు కోయనే కోయరు. ముందే అయస్కాంతంతో వెతికి పీకించాలి. సుత్తితో తడుతూ వెళితే, చెదలు తిన్నచోట డొల్ల శబ్దం వస్తుంది.

చెక్కపని_పాలమూరు:
మాది మహబూబ్‌నగర్ దగ్గర, మూడు తరాలుగా వడ్రంగమే. మా తాత తుమ్మచెక్కతో నాగళ్ళు, బండిచక్రాలు చేసి కల్లం దగ్గర గింజలు తీసుకునేవాడు. తుమ్మ మొద్దులను నెలలపాటు చెరువులో నానేసి, తీసి నీడన ఆరబెట్టాకే ఉలి పట్టేవాడు. నీళ్ళలో చెక్కలోని పస దిగిపోతే పురుగు పట్టడం తగ్గుతుంది.

అందుకే నా మాట: టేకా వేపా అని తర్వాత అడగండి, ముందు ఎన్నాళ్ళు ఆరిందో అడగండి. గాలికి ఆరాలంటే అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుంది. పచ్చి టేకుకన్నా బాగా ఆరిన వేప వందరెట్లు మేలు.

రెండోది చేవ, అంటే మాను నడిమి గట్టిచెక్క. టేకు చేవ ముదురు గోధుమరంగు, చుట్టూ ఉండే పాలచెక్క తెల్లగా ఉంటుంది. పుప్పి పురుగు మొదట పట్టేది ఆ తెల్లచెక్కనే. దానికి రంగు పూసి చేవలో కలిపేస్తారు కాబట్టి పాలిష్ వేయకముందే వెళ్ళి చూడండి. బల్లను బోర్లించి అడుగుభాగం చూడండి.

బిగింపు కూడా అక్కడే తెలుస్తుంది. కాలులో తొలిచిన బెజ్జంలోకి అడ్డపట్టీ కొస దూరి, అడ్డంగా చెక్కమేకు పడాలి. పైపలకను మాత్రం కదలకుండా బిగించకూడదు. మన ఎండలకు చెక్క వెడల్పులో కుంచించుకుంటుంది, వానల్లో ఉబ్బుతుంది. మూడడుగుల పలకలో నాలుగైదు మిల్లీమీటర్ల తేడా మామూలే. ఆ కదలికకు చోటివ్వకపోతే నడిమికి పగులుతుంది.

లెక్క కూడా నేర్చుకోండి. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని, మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగుల లెక్క, అంటే సీఎఫ్‌టీ వస్తుంది. ఆరడుగుల పొడవు, 12 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న పలక సరిగ్గా ఒక సీఎఫ్‌టీ. చిత్రిక పట్టకముందు కొలతకే డబ్బు కట్టాలి, అది న్యాయమే.

మిర్యాలగూడ_టీచర్:
చెక్క బాగా ఆరాలన్న పై మాట నాకు అనుభవం. మా పెరట్లో వేపచెట్టు కొట్టించి రెండు నెలలకే మంచం చేయించాను. పండక్కి కావాలని తొందరపెట్టింది నేనే. ఏప్రిల్ వచ్చేసరికి పట్టెలకూ కాళ్ళకూ మధ్య వేలు దూరేంత సందు. పక్కకు తిరిగితే చాలు, కిర్రుమనేది. ఒక ఏడాది వాడకుండా ఉంచి, మళ్ళీ విప్పి బిగించాక నిలబడింది.

బల్లమీద లక్క పాలిష్ వేయించకండి. చూపుకు అందమే కానీ వేడి టీ గ్లాసు పెడితే తెల్లటి గుండ్రటి మచ్చ పడుతుంది. మా బల్లకు అలాంటివి పదకొండు ఉన్నాయి.

చెక్కపని_పాలమూరు:
టీచర్‌గారు చెప్పింది నిజం. ఇంకొకటి, చేదు కాబట్టి వేపకు పురుగు పట్టదనుకోవద్దు. దాని పాలచెక్కకూ పడుతుంది. సొంత భూమిలో చెట్టయినా నరికేముందు అనుమతి తీసుకోవాలి, 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలో ఆ నిబంధన ఉంది. టేకు కొంటే రసీదు, రవాణా అనుమతి కాగితం అడిగి దాచుకోండి.

వనపర్తి_రవి:
మేము లక్క బదులు అవిసెనూనె పట్టించాం, మచ్చలు పడ్డా మళ్ళీ నూనె రుద్దితే కలిసిపోతాయి. కానీ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతటవే వేడెక్కి మంట అంటుకోవచ్చు. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళలో వేయండి.

దేవరకొండ_పద్మ:
అత్తమ్మగారికి నులకమంచం చేయించకూడదూ? ఎండాకాలం కిందినుంచీ గాలి తగులుతుంది. నులక సాగినప్పుడల్లా కాళ్ళవైపు తాడు లాగి బిగిస్తే చాలు. ఎత్తు మాత్రం ఆమెను కూర్చోబెట్టి, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కొలిపించండి. మా అమ్మకు రెండంగుళాలు ఎత్తయి, లేవాలంటే ఒకరు పట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత కాళ్ళు కోయించాం.

నల్లగొండ_సరిత:
అందరికీ మనసారా ధన్యవాదాలు. నిన్న కార్ఖానాకు వెళ్ళి పాలిష్ పడని ఒక బల్లను బోర్లించమన్నాను. అంచులో రెండంగుళాల మేర తెల్లచెక్క కనిపించింది. వడ్రంగి దాచలేదు, ఆ ధరకు అంతే వస్తుందని చెప్పారు. ఆ మాటతో ఆయనమీద నమ్మకం కుదిరింది.

అరుణగారి మాట విని మా మామగారి పాత ఇల్లు చూసి వచ్చాం. దొడ్డిలో రెండు వేప దూలాలు ఉన్నాయి, తడితే ఎక్కడా డొల్ల శబ్దం రాలేదు. వాటితో బల్ల, బెంచీలు చేయిస్తాం. అత్తమ్మకు నులకమంచం, ఎత్తు పదహారు అంగుళాలు, ఆమెను కూర్చోబెట్టే కొలిచాం. మేకులు తీసి, కోసిన పలకలు కొన్నాళ్ళు నీడలో ఉంచాలట. బల్ల దసరాకు వస్తుంది. శ్రావణంలో అందరికీ చాపలమీదే భోజనాలు.