ఎక్స్-మెన్ డెస్టినీ: అన్నీ ముందే కనబడే మనిషి కెల్లీని చంపడానికి ఎందుకు వెళ్లింది?

వేసవిసెలవులు

అందరికీ నమస్తే. మార్వెల్ కామిక్స్‌లో డెస్టినీ గురించి మీ అభిప్రాయాలు కావాలి. అసలు పేరు ఐరీన్ ఆడ్లర్. మ్యూటంట్, అంటే పుట్టుకతోనే వింత శక్తి ఉన్న మనిషి. కళ్లు కనిపించవు, జరగబోయేవి కనిపిస్తాయి. అదీ ఒక్క భవిష్యత్తు కాదు, జరగడానికి వీలున్నవెన్నో.

నేను 2019లో వచ్చిన ‘హౌస్ ఆఫ్ ఎక్స్’ రెండో ఇష్యూలో ఆవిడను మొదటిసారి చూశాను. ఉన్నది కొన్ని పేజీలే అయినా మనసులోంచి పోలేదు. దాంతో పాతవి వెతికి చదవడం మొదలుపెట్టాను. 1981 నాటి ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’ దగ్గర ఆగిపోయాను. మ్యూటంట్లంటే పడని సెనేటర్ కెల్లీని చంపడానికి వచ్చిన ముఠాలో ఈవిడా ఉంది. ఆయన చనిపోతేనే కదా మ్యూటంట్లని వేటాడే సెంటినెల్ రోబోలు రాజ్యమేలే రోజులు వచ్చేది, మ్యూటంట్లంతా చచ్చేది! మరి ఆవిడకి అది కనబడలేదా? కనబడినా వెళ్లిందా? మీరు చదివినప్పుడు ఎలా అర్థం చేసుకున్నారు? ఇంకా ఏవేవి చదవాలి?

ఆబిడ్స్_ఆదివారం

మంచి ప్రశ్న అడిగారు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకునే రోజుల్లో ఈ కథ రీప్రింట్ దొరికింది నాకు. అప్పటి నుంచీ ఇదే ప్రశ్న నన్నూ వెంటాడుతోంది.

‘అన్‌కానీ ఎక్స్-మెన్’ 141, 142 ఇష్యూలు. క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్ కలిసి చేసినవి. డెస్టినీ మొదట కనబడిందే 141లో. కథ 1980 అక్టోబరు 31న జరుగుతుంది. 2013లో సెంటినెల్స్ పాలనలో బతుకుతున్న కేట్ ప్రైడ్ మనసుని వెనక్కి పంపితే, చిన్నప్పటి తన ఒంట్లోకే, అంటే కిటీ ఒంట్లోకి వస్తుంది. ఇదే పేరుతో వచ్చిన సినిమా చూసినవాళ్లు గమనించండి, అందులో వెనక్కి వెళ్లేది వుల్వరిన్, డెస్టినీ అసలు లేనే లేదు.

చివరి ఘట్టం చూడండి. మ్యూటంట్ హీరోల జట్టు ఎక్స్-మెన్ వచ్చి మిగతా ముఠాని కట్టడి చేస్తున్నారు. కెల్లీ దగ్గర డెస్టినీ ఒక్కతే మిగిలింది, చేతిలో క్రాస్‌బో. గుడ్డి మనిషి గురిపెట్టి నిలబడింది. గోడల్లోంచి కూడా దూరిపోగల కేట్ ఆవిడ శరీరంలోంచి దూసుకుపోవడంతో గురి తప్పుతుంది. కెల్లీ బతుకుతాడు. కేట్ ఏ కాలం నుంచి వచ్చిందో ఆ కాలం డెస్టినీ చూపుకి అడ్డు తగిలింది, అందుకే ఆవిడ లెక్క తప్పింది. నా జవాబు అదే: ఆవిడకి కనబడలేదు. కథలో అందుకు కారణం కూడా ఉంది.

చెవితోచదువు

నాకు పుట్టుకతోనే చూపు లేదు. కామిక్స్ మా తమ్ముడు చదివి వినిపిస్తాడు. మాటలు చదవడమే కాదు, ఏ ప్యానెల్లో ఎవరు ఎక్కడున్నారు, రంగులేంటి, ముఖంలో ఏముంది, అన్నీ చెబుతాడు. డెస్టినీ మాస్కు గురించి చెప్పినప్పుడు నేను మళ్లీ అడిగి చెప్పించుకున్నాను. నున్నటి బంగారు రంగు మాస్కు, కళ్ల దగ్గర రంధ్రాలు లేవు. నాకది చాలా నచ్చింది. చూపు లేనివాళ్ల పాత్రలకి నల్లకళ్లద్దాలు తగిలించడం మామూలే. ఈవిడ మాత్రం ‘నా ముఖం మీద కళ్లు వెతకొద్దు’ అన్నట్టు ఉంటుంది.

కానీ ఒక విషయం ఇబ్బంది పెట్టేది. ఆవిడ తర్వాతి క్షణం ఏం జరుగుతుందో చూస్తూ నడుస్తుంది. గుమ్మం ఎక్కడుందో, దెబ్బ ఎటు నుంచి వస్తుందో ముందే తెలుసు. అంటే రచయితలు చూపు తీసేసినట్టే తీసేసి, వేరే దారిలో తిరిగి ఇచ్చేశారు. 1964 నుంచి చూపు లేని హీరో డేర్‌డెవిల్‌తో చేస్తున్నదీ అదే. మా కష్టం, మా ఒడుపు, రెండూ కనబడవు అందులో.

అందుకే ఆబిడ్స్ గారు చెప్పిన ఆ క్రాస్‌బో ఘట్టం నాకు ముఖ్యం. కేట్ వల్ల భవిష్యత్తు చెదిరిపోయిన ఆ కాసేపట్లో ఆవిడ నిజంగా చూపు లేని మనిషి. అయినా ఆయుధం దించలేదు. చూపు లేదు, జ్ఞానం లేదు, తాను నమ్మిన మనుషులు చెప్పిన పని ఒక్కటే ఉంది. ఆవిడ ఎలాంటిదో నాకు అక్కడే అర్థమైంది.

కడప_కుర్రోడు

అక్కా, మీరు చెప్పాక ఆ పేజీ మళ్లీ తీసి చూశాను. ఇన్నాళ్లూ నేను కేట్‌నే చూశాను, ఆవిడని పట్టించుకోలేదు.

నాకు డెస్టినీ డైరీల మీద పిచ్చి. శక్తి బయటపడిన కొత్తల్లో, అమ్మాయిగా ఉండగానే, కనబడినవన్నీ ఆపకుండా రాసుకుంటూ పోయింది. ఆ రాత అయ్యేసరికి చూపు పోయింది. మొత్తం 13 సంపుటాలు. 2001లో మొదలైన ‘ఎక్స్‌ట్రీమ్ ఎక్స్-మెన్’ అంతా వాటి వెనకాల పరుగే. ఎక్స్-మెన్‌లోని స్టార్మ్ నాయకత్వంలో ఒక జట్టు మిగతావాళ్ల నుంచి విడిపోయి మరీ వెతుకుతుంది.

మా వైపు పుట్టినవాళ్లకి ఇది చదివితే బ్రహ్మంగారి కాలజ్ఞానం గుర్తురాకుండా ఉండదు. బనగానపల్లెలో ఆ తాళపత్రాలు పాతిపెట్టి పైన చింతచెట్టు నాటారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. కానీ పోలిక అక్కడితోనే సరి. కాలజ్ఞానాన్ని జనం జరిగి తీరే మాటగా నమ్ముతారు. డెస్టినీ రాసింది జరగడానికి వీలున్నవి. ఒక పేజీ చదివినవాడు ఆ పేజీకి అనుగుణంగా నడుచుకుంటే పక్క పేజీ అబద్ధమవుతుంది. అందుకే ఆ పుస్తకాలంటే అందరికీ భయం, అందరికీ ఆశ.

కెల్లీ విషయంలో నేను ఆబిడ్స్ అన్నతో ఒప్పుకోను. దగ్గరి భవిష్యత్తు ఆవిడకి గట్టిగా కనబడుతుంది, దూరం పోయేకొద్దీ మసకబారుతుంది. 2013 ఎక్కడ, 1980 ఎక్కడ! 33 ఏళ్ల తర్వాతిది ఆవిడకి స్పష్టంగా తెలిసి ఉండదు. కేట్ అడ్డురావడం ఆ ఒక్క రోజు సంగతి.

ఆబిడ్స్_ఆదివారం

తమ్ముడూ, దూరం మసక అంటే డైరీల సంగతేంటి మరి? దశాబ్దాల ముందువి రాసిపెట్టింది కదా. రెండూ ఎలా కుదురుతాయి?

కడప_కుర్రోడు

డైరీలు శక్తి మొదట పొంగినప్పటివి అన్నా. తర్వాత అంత విస్తారంగా మళ్లీ రాలేదని నేను చదువుకున్నాను. నాకైతే కుదురుతుంది.

ప్లేనో_నాన్న

డల్లాస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి హైస్కూల్లో ఉంది, ఇద్దరం కలిసి చదువుతాం. తనకి ఎక్స్-మెన్‌లోని నైట్‌క్రాలర్ (అసలు పేరు కర్ట్) అంటే ప్రాణం, ఆ దారినే నేనూ డెస్టినీ దగ్గరికి వచ్చాను.

మీరు ముగ్గురూ శక్తి గురించే మాట్లాడుతున్నారు. ముఠా నాయకురాలు మిస్టిక్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐరీన్‌కి ఆవిడే జీవితం. రోగ్ అనే మ్యూటంట్ అమ్మాయిని ఇద్దరూ కలిసి పెంచారు. వాళ్లిద్దరూ భార్యాభర్తల్లాంటివాళ్లని 80ల్లో సూటిగా రాయడానికి వీల్లేకపోయింది. కామిక్స్‌లో ఏవి ఉండకూడదో చెప్పే కామిక్స్ కోడ్ ఉండేది. క్లేర్‌మాంట్ మొదట అనుకున్నదాని ప్రకారం నైట్‌క్రాలర్ ఈ ఇద్దరి బిడ్డే, రూపం మార్చుకోగల మిస్టిక్ తండ్రి. అప్పట్లో కుదరలేదు. 2003లో అజాజెల్ అనే దెయ్యంలాంటి పాత్రని తండ్రిగా పెట్టారు, అది చాలామందికి నచ్చలేదు. చివరికి 2023 నవంబరులో ‘ఎక్స్-మెన్ బ్లూ: ఆరిజిన్స్’ అనే ఒక్క ఇష్యూలో సై స్పరియర్ పాత ఆలోచనకే తెచ్చాడు. కన్నది ఐరీన్, తండ్రి మిస్టిక్. మా అమ్మాయి ఆ పుస్తకం ముగించి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘కర్ట్‌కి ఇప్పుడు అమ్మ కథ సరిగ్గా తెలిసింది నాన్నా’ అంది.

కెల్లీ ప్రశ్నకి నా జవాబు ఇక్కడే ఉంది. ఐరీన్ వెళ్లింది మిస్టిక్ కోసం. అయితే గుడ్డి ప్రేమతో మాత్రం కాదు. ఆవిడ ముందున్న అన్ని దారుల్లో మిస్టిక్ బతికే దారి ఏదో, తామిద్దరూ కలిసుండే కాలం ఏ దారిలో ఎక్కువో చూసుకుంటుంది. లోకం సంగతి ఆ తర్వాత. దీన్ని తప్పనొచ్చు, నేనూ కొన్నిచోట్ల తప్పనే అంటాను. కానీ పాత్ర మొత్తం ఆ ఒక్క లెక్క మీదే నిలబడింది.

వేసవిసెలవులు

ప్లేనో గారూ, ఇలా చదివితే 1989లో వచ్చిన ‘అన్‌కానీ’ 255వ ఇష్యూ కూడా వేరేగా కనబడుతోంది నాకు. మ్యూర్ ఐలండ్‌లో, షాడో కింగ్ అనే విలన్ పట్టులో ఉన్న లీజియన్ అనే మ్యూటంట్ చేతిలో డెస్టినీ చనిపోతుంది. తన చావు తనకి ముందే తెలుసు. మిస్టిక్‌ని మాత్రం ఫోర్జ్ అనే మరో మ్యూటంట్‌ని కాపాడమని అటు పంపేస్తుంది. అంటే మిస్టిక్ బతికే దారి ఎంచుకుంది, అందులో తాను లేకపోయినా.

ప్లేనో_నాన్న

సరిగ్గా అదే. తర్వాత అస్థికల ఘట్టం ఉంది, చదివారా? ఫలానా చోట, ఫలానా సమయానికి నా బూడిద కలపమని చెప్పిపోతుంది. మిస్టిక్ ఓడ మీద నుంచి వదలగానే గాలి తిరగబడి బూడిదంతా ముఖాన కొడుతుంది. ఏడుస్తున్న మనిషి పకపకా నవ్వేస్తుంది. ఆ గాలి సంగతి తెలిసే ఆ సమయం చెప్పింది ఐరీన్. అన్ని భవిష్యత్తులు చూసే శక్తిని ఎవరైనా ఇంతకన్నా బాగా వాడారా?

చెవితోచదువు

ఇది నాకు తెలియదు. ఈ రాత్రికే తమ్ముడితో వెతికిస్తాను.

ఇంకో పాత్ర గురించి చెప్పాలి. రూత్ ఆల్డీన్, అందరూ బ్లైండ్‌ఫోల్డ్ అంటారు. ‘ఆస్టోనిషింగ్ ఎక్స్-మెన్’ ఏడో ఇష్యూ, 2005లో వచ్చింది. ఆ పిల్లకి కళ్లే లేవు, గంతలు కట్టుకుని ఉంటుంది. ఆమెకీ భవిష్యత్తు తెలుస్తుంది. ప్రతి మాటకీ ముందూ వెనకా ‘దయచేసి’, ‘క్షమించండి’, ‘థాంక్యూ’ అంటుంది. అవతలివాళ్లు ఇంకా అడగని ప్రశ్నకి జవాబు చెప్పేస్తూ ఉంటుంది. నాకు డెస్టినీ కన్నా ఆమే దగ్గర. డెస్టినీకి అధికారం ఉంది, ఆమె చెబితే అందరూ వింటారు. రూత్ చెప్పింది వినడానికి జనానికి ఓపిక ఉండదు. మా లాంటివాళ్లకి అది రోజూ అనుభవమే.

2012 ‘ఎక్స్-మెన్ లెగసీ’లో ఆమె ప్రేమించింది ఎవర్నో తెలుసా? లీజియన్‌ని. డెస్టినీని చంపినవాణ్నే. ఆ పుస్తకం తప్పకుండా చదవండి. కానీ 2019లో రూత్ ముందు ఆశ అన్నదే లేదని, ఆమె తన ప్రాణం తానే తీసుకున్నట్టు రాశారు. దానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను. భవిష్యత్తులన్నీ కనబడే చూపు లేని అమ్మాయికి ఒక్క మంచి దారి కూడా రాయలేకపోవడం రచయితల లోపం, ఆమెది కాదు.

ఆబిడ్స్_ఆదివారం

అమ్మా, మీ మాటతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నాను.

ప్లేనో గారి లెక్క గురించి రాత్రంతా ఆలోచించాను. ‘హౌస్ ఆఫ్ ఎక్స్’ రెండో ఇష్యూ కూడా దాని కిందికే వస్తుంది. అందులో మొయిరా అనే మ్యూటంట్ చనిపోయిన ప్రతిసారీ మళ్లీ పుట్టి అదే బతుకు మొదటి నుంచి బతుకుతుంది. మూడో జన్మలో మ్యూటంట్లని మామూలు మనుషుల్ని చేసే మందు తయారుచేస్తుంది. అప్పుడొస్తుంది డెస్టినీ. నీకు పది జన్మలున్నాయి, చివర్లో సరైన నిర్ణయం తీసుకుంటే పదకొండోదీ ఉండొచ్చు అని చెప్పి, నిప్పుని ఆడించే పైరో చేత నెమ్మదిగా తగలబెట్టిస్తుంది. ఆ నొప్పి వచ్చే జన్మలోనూ గుర్తుండాలని. ఘోరమైన పని. కానీ ఆవిడ అక్కడ చేసింది జోస్యం చెప్పడం కాదు, తన జాతి బతికే దారిలోకి ఒక మనిషిని భయపెట్టి నెట్టడం.

కెల్లీ దగ్గర క్రాస్‌బో పట్టిందీ ఇదే మనిషి. నేను ఇన్నాళ్లూ ‘కనబడలేదు’ అన్న జవాబుతో సరిపెట్టుకున్నాను. ఇప్పుడు అది చాలదనిపిస్తోంది.

కడప_కుర్రోడు

నేను ఇంకా దూరం మసక దగ్గరే ఉన్నాను. క్లేర్‌మాంట్ 1981లో ఇదంతా ఆలోచించి రాసి ఉండడు, తర్వాతివాళ్లు కట్టుకుంటూ వచ్చారు. అయినా మీ లెక్కతో చదివితే కథ బలంగా ఉందని ఒప్పుకుంటా.

వేసవి గారికి, చదవాల్సిన వరుస: 141, 142 అయిపోయాయి కాబట్టి 254, 255కి వెళ్లండి. అక్కణ్నుంచి నేరుగా 2020 ‘ఎక్స్-మెన్’ ఆరో ఇష్యూ. మ్యూటంట్లు తమ దేశంగా చేసుకున్న క్రకోవా దీవిలో, చచ్చిపోయిన మ్యూటంట్లని బతికిస్తుంటారు కదా, ఐరీన్‌ని మాత్రం బతికించకుండా మిస్టిక్‌ని తిప్పుతుంటారు. అలా చేస్తే ఆ చోటుని తగలబెట్టేయమని ఐరీన్ బతికుండగానే మిస్టిక్‌కి చెప్పి ఉంచింది. దాని ఫలితం 2021 ‘ఇన్‌ఫెర్నో’, నాలుగే ఇష్యూలు. ఆ తర్వాత కీరన్ గిలెన్ ‘ఇమ్మోర్టల్ ఎక్స్-మెన్’, 2022. ఒక్కో ఇష్యూ ఒక్కొక్కరి గొంతులో సాగుతుంది, మూడోది డెస్టినీది. డైరీల కథ ‘ఎక్స్‌ట్రీమ్’ చివర పెట్టుకోండి. నాకు ఇష్టమే గానీ సాగదీశారు.

చెవితోచదువు

ఆ మూడో ఇష్యూ గురించి ఒక సాయం కావాలి. మా తమ్ముడికి పరీక్షలు, వచ్చే నెల దాకా ఖాళీ లేదు. నేను వాడే కామిక్స్ యాప్‌లో స్క్రీన్ రీడర్ పేజీ నంబరు తప్ప ఏమీ చదవదు. ఎవరైనా పేజీ పేజీకి బొమ్మలో ఏముందో రాసి పెడతారా? మాటలు కూడా కావాలి, కానీ ముందు బొమ్మలు.

ప్లేనో_నాన్న

మా అమ్మాయి తాను రాస్తానంటోందండీ. తెలుగు టైపింగ్ నేను చూసుకుంటాను. మాస్కు ఏ ప్యానెల్లో ఉంది, ఏ ప్యానెల్లో తీసింది అన్నది విడిగా రాయమంటారా?

చెవితోచదువు

తప్పకుండా. ముఖంలో ఏముందో కూడా.