చిన్న రైఫిల్ కంపెనీ మూతపడేలా ఉంది: అడ్వాన్స్, రిపేరు, పార్ట్స్ సంగతేంటి?

పల్నాడు_టు_ప్లేనో
కంపెనీ పేరు రాయట్లేదు, ఇక్కడ చాలామందికి అర్థమయ్యే ఉంటుంది. అమెరికాలో ఆర్డర్ మీద బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు (ప్రతి కాల్పుకీ చేత్తో బోల్ట్ లాగి తోసేవి) చేసే చిన్న వర్క్‌షాప్. పార్ట్స్ పేజీ నిండా ‘స్టాక్ లేదు’, సర్వీస్ నంబర్ వాయిస్‌మెయిల్‌కి పోతోంది, డీలర్లు ఉన్న సరుకు ధర తగ్గించి వదిలించుకుంటున్నారు. మనవాళ్లలో సగం డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు, రిపేరుకి పంపినవాళ్లు ఉన్నారు, రైఫిల్ ఇంట్లోనే ఉన్నా పార్ట్స్ గురించి బెంగపడేవాళ్లూ ఉన్నారు. తెలిసినవాళ్లు రాయండి. మూసేస్తారా లేదా అన్న జోస్యాలు మాత్రం వద్దు.

కోర్టుపక్షి
ముందు డబ్బు. కార్డుతో కట్టినవాళ్లు ఈరోజే తేదీలు చూసుకోండి. వీసా అయితే సరుకు అందాల్సిన తేదీ నుంచి 120 రోజుల్లోపు డిస్ప్యూట్ (డబ్బు వెనక్కిమ్మని కార్డు బ్యాంకుకి ఫిర్యాదు) వెయ్యాలి. ఎంత సాగినా డబ్బు కట్టిన రోజు నుంచి 540 రోజులు దాటకూడదు. కస్టమ్ రైఫిల్‌కి ఏడాది పైన వెయిటింగ్ మామూలే కాబట్టి జనం దెబ్బతినేది ఈ 540 దగ్గరే. ‘ఇంకో నాలుగు నెలలు ఓపిక పట్టండి’ అని మెయిలొస్తే, సరేననే ముందు ఈ లెక్క వేసుకోండి. డిస్కౌంట్ ఇస్తామన్నారని చెక్కు రాసినవాళ్లకి, జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా) పంపినవాళ్లకి ఈ దారి లేదు.

దివాలా పిటిషన్ పడితే రెండు రకాలు. చాప్టర్ 7 అంటే దుకాణం కట్టేసి ఆస్తులు అమ్మడం. చాప్టర్ 11 అంటే నడుపుతూనే అప్పులు సర్దుకోవడమో, మొత్తంగా ఇంకొకరికి అమ్మెయ్యడమో. ఎందులోనైనా మీరు నింపాల్సింది ఫారం 410 (నాకింత రావాలని కోర్టుకి చెప్పే క్లెయిమ్ కాగితం), ఫీజు లేదు. 12వ ప్రశ్న కింద, సొంత వాడకం కోసం కట్టిన డిపాజిట్‌కి ఒక గడి ఉంటుంది. అక్కడ టిక్ పెడితే 3,800 డాలర్ల వరకు మామూలు బాకీలవాళ్ల కంటే ముందుంటారు. 2025 ఏప్రిల్ 1కి ముందు పడిన కేసుల్లో ఇది 3,350. టిక్ మర్చిపోతే బారెల్ స్టీలు సప్లయి చేసినవాడితో కలిపి ఒకే గంపలో వేస్తారు. టిక్ పెట్టినా తాకట్టు ఉన్న బ్యాంకు, లాయర్ల ఖర్చులు, పనివాళ్ల జీతాలు మీకంటే ముందే, కాబట్టి మరీ ఆశ పెట్టుకోకండి.

చాప్టర్ 7లో కంపెనీ తనంతట తాను పిటిషన్ వేస్తే క్లెయిమ్ గడువు 70 రోజులు. చాప్టర్ 11లో కోర్టే తేదీ చెబుతుంది. ‘పంచడానికి ఆస్తుల్లేవు, ఇప్పుడే క్లెయిమ్ వెయ్యక్కర్లేదు’ అని నోటీసొస్తే పారెయ్యకండి. తర్వాత ఏదైనా తేలితే కొత్త గడువుతో మళ్లీ నోటీసొస్తుంది. ఈలోపు ఇల్లు మారితే కోర్టుకి చెప్పాలి. కేసు కాగితాలు పేసర్‌లో (ఫెడరల్ కోర్టుల ఆన్‌లైన్ రికార్డుల సైట్) పేజీకి 10 సెంట్లు, మూడు నెలలకి 30 డాలర్లు దాటకపోతే బిల్లే వెయ్యరు.

గోదారిగట్టు
రిపేరుకి పంపిన రైఫిల్ సంగతి వేరు. అది మీ ఆస్తి, కంపెనీ ఆస్తుల్లో కలవదు. కానీ రాక్‌లో వరసగా నిలబెట్టిన యాభై రైఫిళ్లలో ఏది కస్టమర్‌దో ట్రస్టీకి (దివాలా కేసులో ఆస్తులు చూసుకునే మనిషి) ఎలా తెలుస్తుంది? సీరియల్ నంబరు, రిపేరు ఆర్డర్ నంబరు, కొరియర్ ట్రాకింగ్, కొన్నప్పటి బిల్లు, స్కోపూ మౌంటూ వేసే పంపారా లేదా, ఇవన్నీ ఒకే ఉత్తరంలో పెట్టి ఇప్పుడే కంపెనీకి సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. కేసు పడగానే అదే కాపీ ట్రస్టీకి.

ఇంకోటి. కంపెనీకి తుపాకుల లైసెన్స్ ఉన్నంతవరకు ఫెడరల్ చట్టం ప్రకారం రిపేరైన తుపాకీని పంపినవాడికే నేరుగా తిప్పి పంపొచ్చు, ఫారం 4473 (డీలర్ దగ్గర తుపాకీ తీసుకునేటప్పుడు నింపే ఫెడరల్ కాగితం) అక్కర్లేదు. రాష్ట్రాన్నిబట్టి తేడాలుంటాయి. కంపెనీ లైసెన్స్ వదిలేసుకున్నాక అలా కుదరదు, వేరే లైసెన్స్‌డ్ డీలర్ ద్వారా తెప్పించుకోవాల్సొస్తుంది. అప్పుడు ఫారం, బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పకపోవచ్చు. అందుకే రిపేరు అవ్వకపోయినా సరే, ‘ఉన్నదున్నట్టు తిరిగి పంపెయ్యండి’ అని ఇప్పుడే రాసెయ్యడం మేలు.

పల్నాడు_టు_ప్లేనో
ఎవరైనా కంపెనీని కొంటే పాత వారంటీ నడుస్తుంది కదా?

కోర్టుపక్షి
నడవదనే అనుకోండి. దివాలా కోర్టులో కొనేది పేరు, డ్రాయింగులు, మెషీన్లు. పాత బాకీలు అంటకుండా కొంటారు. రెమింగ్టన్ 2020 జులైలో రెండోసారి దివాలాకి వెళ్లినప్పుడు బ్రాండ్లన్నీ ముక్కలుగా పోయాయి. మార్లిన్‌ని రూగర్ తీసుకుని 2021 డిసెంబర్‌లో కొత్త రైఫిళ్లు బయటికి పంపడం మొదలుపెట్టింది, తను కొనకముందు తయారైన మార్లిన్లకి మాత్రం సర్వీసు, వారంటీ బాధ్యత తీసుకోలేదు. లైఫ్‌టైమ్ వారంటీ అంటే కంపెనీ లైఫ్‌టైమే అన్నమాట.

బారెల్‌బాబాయ్
రీకాల్ కూడా అంతే. రెమింగ్టన్ 700, మోడల్ సెవెన్‌లలో ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగర్‌ని 2014 ఏప్రిల్‌లో వెనక్కి పిలిచారు. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 వరకు తయారైనవి. బిగించేటప్పుడు అంటుమందు ఎక్కువ పడి, ట్రిగర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉందని. ఇలాంటి పని ఉచితంగా చేసిపెట్టేది కంపెనీ ఉన్నన్నాళ్లే. మీ రైఫిల్ మీద ఏదైనా రీకాల్ మిగిలి ఉందేమో ఈ వారమే చూసుకోండి. వెళ్లే దారి మూసుకుపోతే ట్రిగర్ మొత్తం తీసేసి బయటి కంపెనీది వేయించుకోవడమే.

ఇక పార్ట్స్. కంగారుపడి అన్నీ కొనకండి. ముందు మీ రైఫిల్‌లో కంపెనీ సొంతమేదో, బజార్లో దొరికేదేదో తేల్చుకోండి. యాక్షన్ రెమింగ్టన్ 700 కొలతల్లో ఉంటే ట్రిగర్, స్టాక్ (రైఫిల్ పిడి), ఏఐసీఎస్ రకం (చాలా కంపెనీలు చేసే) మ్యాగజైన్‌తో బాటమ్ మెటల్ (మ్యాగజైన్‌ని పట్టుకునే కింది భాగం) ఎప్పుడైనా దొరుకుతాయి, నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం) ఎం16 రకమైనా బాధ లేదు. సొంత డిజైన్ అయితే రెండు ఎక్స్‌ట్రాక్టర్లు, ఎజెక్టర్ (ఆ గొట్టాన్ని పక్కకి విసిరేది) దాని స్ప్రింగుతో సహా, ఒక ఫైరింగ్ పిన్, దాని స్ప్రింగులు రెండు, మ్యాగజైన్లు మూడు చాలు. బజార్లో ముందు అయిపోయేది మ్యాగజైన్లే. ఫైరింగ్ పిన్ స్ప్రింగు నీరసిస్తే ప్రైమర్ మీద దెబ్బ సరిగా పడక మిస్‌ఫైర్లొస్తాయి, జనం తూటాని తిడుతుంటారు.

స్పేర్ బోల్ట్ కొని నేరుగా వేసి కాల్చకండి. హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికీ, బారెల్‌లో తూటా ఆనే చోటుకీ మధ్య దూరం) ఆ బారెల్‌కి ఆ బోల్ట్‌తో కుదిర్చింది. దాన్ని చూసే గేజ్‌లు రెండు: .308 తూటాకి గో గేజ్ 1.630 అంగుళాలు, నోగో 1.634. ఎజెక్టర్, ఫైరింగ్ పిన్ తీసేసిన బోల్ట్‌తోనే చూడాలి, లేకపోతే స్ప్రింగు ఒత్తిడికి చేతికి తప్పుడు లెక్క తెలుస్తుంది. గో మీద బోల్ట్ మూసుకోవాలి, నోగో మీద మూసుకోకూడదు. గేజ్‌లు లేకపోతే గన్‌స్మిత్ దగ్గరికే.

పార్ట్స్ కంటే విలువైనవి కాగితాలు. వర్క్‌షాప్‌లో ఎవరో ఒకరు జవాబిస్తున్నప్పుడే బారెల్ టెనాన్ (యాక్షన్‌లోకి బిగించే మొదలు) డ్రాయింగ్, ఛాంబర్ రీమర్ (తూటా కూర్చునే చోటు తొలిచే పనిముట్టు) ప్రింట్, యాక్షన్ స్క్రూల టార్క్ (ఎంత బలంగా బిగించాలో) అడిగి తీసుకోండి. రెమింగ్టన్ 700 బారెల్ త్రెడ్ 1.0625 అంగుళాలు, అంగుళానికి 16 చుట్లు అని ఏ గన్‌స్మిత్‌నడిగినా చెబుతాడు. మీ కంపెనీ త్రెడ్ ఎవరికీ తెలియకపోతే, బారెల్ అరిగిన రోజు యాక్షన్ విప్పి కొలిచి చెయ్యాలి, గంటల లెక్కన బిల్లు.

వీసాగోల
హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి ఒక ముక్క. మన దగ్గర తుపాకీ ఉండొచ్చన్నది హంటింగ్ లైసెన్స్ మినహాయింపు మీదే, తూటాలకీ అదే వర్తిస్తుంది. టెక్సాస్ లైసెన్స్ ఏటా ఆగస్టు 31కి అయిపోతుంది. కంపెనీ గొడవలో రైఫిల్ సెప్టెంబర్‌లో తిరిగొస్తే, అప్పటికి కొత్త లైసెన్స్ చేతిలో ఉండాలి. లేకపోతే పార్సిల్ అందుకోవడమే నేరం.

కొత్తవాడు_ఆస్టిన్
బాబాయ్, కంపెనీ లైసెన్స్ ఇంకా ఉందో లేదో మనకెలా తెలుస్తుంది?

బారెల్‌బాబాయ్
ఏటీఎఫ్ (తుపాకుల లైసెన్స్‌లిచ్చే ఫెడరల్ సంస్థ) సైట్‌లో లైసెన్స్‌దారుల జాబితా నెలనెలా పెడతారు. తయారీదారు అయితే టైప్ 07 కింద వెతుకు. లైసెన్స్ నంబరు తెలిస్తే ఏటీఎఫ్ వాళ్లదే ఈజీ చెక్ పేజీలో మొదటి మూడంకెలు, చివరి ఐదు కొట్టి చూడొచ్చు. పార్సిల్ పంపే రోజు పొద్దున కూడా ఒకసారి చూసుకో.